నడిచిన దూరానికి సాక్ష్యం

మనిషి వయస్సును సంవత్సరాలలో లెక్కిస్తాము. వాహనం వయస్సును సంవత్సరాలలో లెక్కిస్తే చాలదు. ఇరవై సంవత్సరాలు షెడ్డులో నీడపట్టున ఉన్న కారు, అయిదు సంవత్సరాలు రాత్రింబగళ్ళు బాడుగకు తిరిగిన కారుకంటె పడుచుది కావచ్చు. ఇంజనులోని పిస్టన్లు, చక్రాలలోని బేరింగులు, గేరుపెట్టెలోని పళ్ళు తిథివారాలు ఎరుగవు. అవి ఎరిగినది తాము తిరిగిన తిరుగుడు మాత్రమే. అందుచేతనే పాత బండిని బేరమాడే ప్రతి ఒక్కరూ మొదట వేసే ప్రశ్న, “ఇది ఎంత తిరిగింది?” అని. అమ్మేవాడు అద్దం వెనుకనున్న అంకెలను వేలితో చూపుతాడు. కొనేవాడు వాటిని నమ్మి, ఏండ్ల తరబడి కూడబెట్టిన డబ్బు లెక్కపెట్టి ఇస్తాడు. ఆ బండిలోనే భార్యాబిడ్డలను కూర్చుండబెట్టుకొని ఘాటురోడ్డు ఎక్కుతాడు. ఆ అంకెలు అబద్ధమైతే పోయేది డబ్బు ఒక్కటే కాదు.

ఆ అంకెలను ఎంతవరకు నమ్మవచ్చు? ఈ ప్రశ్న మోటారుతో పుట్టినది కాదు. దీనికి రెండు వేల ఏండ్లకు పైబడిన చరిత్ర ఉన్నది. ఆ చరిత్రను ఒక్కసారి పరికిస్తే, మన ఇంటి ముందున్న పాత బండి లెక్కను ఎలా తేల్చుకోవాలో కూడ కొంత బోధపడుతుంది.

పూర్వం దూరాన్ని కొలవటం మనిషి కాళ్ళ పని. అలెగ్జాండరు ఆసియా దండయాత్రలో, అడుగులు లెక్కించటమే వృత్తిగా గలవారు సేనవెంట నడిచారు. వారి లెక్కలను తరువాతి గ్రీకు, రోమను రచయితలు తమ గ్రంథాలకు ఆధారం చేసుకున్నారు. మన దేశంలో మొగలాయి చక్రవర్తులు రాదారుల వెంట కోసుకొక మినారు కట్టించారు. వాటిలో కొన్ని ఉత్తర హిందూస్థానపు బాటల ప్రక్కన నేటికీ నిలిచి ఉన్నాయి. అయితే కోసు పొడవు సీమసీమకూ మారేది. ఇక బాటసారి నోటి లెక్క చెప్పనే అక్కరలేదు. ఎండలో మూట మోసుకొని నడిచేవానికి ఆమడ రెండామడలుగా తోస్తుంది. పెండ్లికి పోయేవానికి అదే ఆమడ అరామడ అవుతుంది. శరీరం అలసటను కొలుస్తుందిగాని దూరాన్ని కొలవదు. అలసట ఎరుగని కొలమానం కావలసివచ్చింది. అది చక్రం.

క్రీస్తు పూర్వం మొదటి శతాబ్దంలో రోము నగరంలో విట్రూవియస్ అనే వాస్తుశిల్పి ఉండేవాడు. ఆయన వాస్తుశాస్త్రం మీద పది సంపుటాలు వ్రాసి, పదవ సంపుటంలో దూరాన్ని కొలిచే బండిని వర్ణించాడు. అది తన కల్పన కాదనీ, పూర్వులనుండి వచ్చినదనీ ఆయనే చెప్పుకున్నాడు. బండి చక్రం ఒకసారి తిరిగితే పన్నెండున్నర అడుగులు సాగుతుంది. ఇరుసుతోపాటు తిరిగే ఒక పన్ను, 400 పళ్ళున్న మరొక చక్రాన్ని ఒక్కొక్క పన్ను చొప్పున త్రోస్తుంది. బండి చక్రం 400 సార్లు తిరిగేసరికి పళ్ళచక్రం ఒక చుట్టు పూర్తిచేస్తుంది. అనగా 5,000 రోమను అడుగులు, సరిగా ఒక రోమను మైలు. అప్పుడు పైనున్న బిళ్ళలోని రంధ్రం నుండి ఒక గులకరాయి జారి, క్రిందనున్న కంచుపాత్రలో ఖంగుమని పడుతుంది. సాయంకాలం పాత్రలోని రాళ్ళు లెక్కపెట్టుకుంటే ఆ దినం ఎన్ని మైళ్ళు నడిచినదీ తెలుస్తుంది.

చీనావారు ఇదే సూత్రాన్ని మరింత వేడుకగా అమర్చారు. వారి కొలతబండి మీద కొయ్యబొమ్మలు ఉండేవి. లీ అనే దూరం గడిచినప్పుడల్లా ఒక బొమ్మ డప్పు కొట్టేది. పది లీలకు మరొక బొమ్మ గంట మోగించేది. 1027లో లూ దావొలుంగ్ అనే అధికారి ఈ బండి నిర్మాణాన్ని వివరంగా వ్రాసి చక్రవర్తికి సమర్పించాడు. చక్రం వ్యాసం 6 అడుగులు, చుట్టుకొలత 18 అడుగులు, నూరు చుట్లకు 1,800 అడుగులు, అది ఒక లీ అని ఆయన లెక్క.

గణితం తెలిసిన శ్రోతలు ఇక్కడ కొంచెం ఆగుతారు. వ్యాసం 6 అడుగులైతే చుట్టుకొలత 18 కాదు, సుమారు 18.85. చుట్టుకొలత వ్యాసానికి సరిగా మూడు రెట్లని తీసుకోవటంవల్ల వచ్చిన తేడా ఇది. చక్రం నిజంగా ఆరడుగుల వ్యాసమే అయితే, బొమ్మ నూరుసార్లు డప్పు కొట్టేసరికి బండి దాదాపు 105 లీలు నడిచి ఉంటుంది. బొమ్మ అబద్ధమాడలేదు. తాను లెక్కించవలసిన చుట్లను తప్పకుండా లెక్కించింది. ఒక చుట్టుకు ఎంత దూరమన్న ఊహలోనే తప్పున్నది. దూరమాపకాల చరిత్ర అంతటిలోనూ జ్ఞాపకం ఉంచుకోవలసిన సంగతి ఇది. యంత్రం చుట్లను లెక్కిస్తుంది. చుట్లను దూరంగా మార్చేది మనిషి.

పద్ధెనిమిదవ శతాబ్దంలో ఆంగ్ల సర్వేయర్లు పిడి తగిలించిన పెద్ద ఒంటి చక్రాన్ని దొర్లించుకొంటూ మన దేశపు బాటలు కొలిచారు. వంగరాష్ట్రానికి సర్వేయరు జనరలుగా ఉన్న జేమ్స్ రెన్నెల్ తన హిందూస్థాన పటానికి ఇటువంటి బాట కొలతలను విరివిగా వాడుకున్నాడు. బాట వంకర తిరిగితే చక్రమూ వంకర తిరుగుతుంది; గుంటలో దిగితే తానూ దిగుతుంది. కావున బాట పొడవునుండి కొంత తీసివేస్తేగాని ఊరికీ ఊరికీ మధ్యనున్న సూటిదూరం రాదని వారికి తెలుసు.

అంతకంటె నిక్కచ్చి అయిన పని తరువాత వచ్చింది. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు పరంగికొండ దగ్గర సుమారు ఏడున్నర మైళ్ళ పొడవున నేలమీద ఒక ఆధారరేఖను ఉక్కుగొలుసుతో కొలిచి, అక్కడినుండి త్రిభుజాలు అల్లుకొంటూ దేశం మీదికి సాగాడు. త్రిభుజాల గణితం ఎంత గట్టిదైనా ఆయన దానిని ఊరకే నమ్మలేదు. కొంతదూరం సాగిన తరువాత నేలమీద మరొక రేఖను మళ్ళీ గొలుసుతో కొలిచి, గణితం చెప్పిన పొడవుతో సరిచూసేవాడు. అటువంటి రేఖ ఒకటి 1811లో మన గుత్తి ప్రాంతంలో కొలవబడింది. ఒక లెక్కను దానితో సంబంధం లేని మరొక కొలతతో సరిచూడటం అనే ఈ నియమమే నేడు పాత కారు కొనేవానికి కూడ శరణ్యం.

అయితే ప్రయాణంలో ఉన్న బండి తన దూరాన్ని తానే లెక్కించటానికి సంబంధించిన కథలలో మిక్కిలి రసవత్తరమైనది 1847లో అమెరికాలో జరిగింది. ఆ సంవత్సరం వసంతంలో మార్మనులనే మతశాఖవారి మొదటి బిడారు మిసోరీ నదీతీరం విడిచి, పడమటి కొండలకావల కొత్త నివాసం వెదకుతూ బయలుదేరింది. గుడ్డకప్పుల బండ్లు, ఎద్దులు, గుర్రాలు. ముందు మైదానాలు, వెనుక మైదానాలు. ఆ బిడారులో విలియం క్లేటన్ అనే ఇంగ్లీషు లేఖకుడు ఉన్నాడు. దినదినమూ నడిచిన దూరం వ్రాసిపెట్టటం అతని పనులలో ఒకటి. ఇది వినోదానికి వ్రాసే దినచర్య కాదు. ఈ బాటనే వెనుక వేలాది కుటుంబాలు రావలసి ఉన్నది. ఏ వాగు దగ్గర నీరు దొరుకుతుంది, అక్కడనుండి తరువాతి నీటికి ఎన్ని మైళ్ళు అన్నది తప్పు వ్రాస్తే, వెనుక వచ్చేవారి పశువులు దాహంతో కూలిపోవచ్చు.

చిక్కెక్కడ వచ్చిందంటే, సాయంకాలం బిడారు దిగిన తరువాత ఒక్కొక్కరు ఒక్కొక్క దూరం చెప్పేవారు. తక్కినవారి అంచనాలు ఎక్కువగా ఉన్నాయని క్లేటన్ అనుమానం. వాదించి లాభం లేదని తెలిసి అతడు ఒక బండి చక్రాన్ని కొలిచాడు. చుట్టుకొలత 14 అడుగుల 8 అంగుళాలు వచ్చింది. మైలుకు 5,280 అడుగులు. భాగించి చూస్తే సరిగా 360 చుట్లు, శేషం లేదు. ఆ పొందికకు తానే ఆశ్చర్యపడ్డాడు. మే 8వ తేదీన అతడు ఆ చక్రం ప్రక్కనే నడుస్తూ, దినమంతా దాని తిరుగుళ్ళు లెక్కపెట్టాడు. మొత్తం 4,070 వచ్చాయి. అనగా పదకొండుంబావు మైళ్ళు, మీద ఇరవై చుట్లు. తోటివారిలో కొందరు ఆ దినం పదమూడు, పద్నాలుగు మైళ్ళు నడిచామని చెప్పుకొంటున్నారు.

ఎండలో చక్రంవైపే చూస్తూ నాలుగువేలు లెక్కపెట్టటం ఎంత విసుగైన పనో ఊహించవచ్చు. బిడారులోనే ఉన్న గణితజ్ఞుడు ఆర్సన్ ప్రాట్ దీనికి ఒక యంత్రాన్ని ఆలోచించాడు. బండి చక్రం ఆరుసార్లు తిరిగితే ఒక మర ఒకసారి తిరగాలి. ఆ మర 60 పళ్ళ చక్రాన్ని త్రిప్పాలి. ఆరు అరవైలు మూడువందల అరవై, కాబట్టి ఆ పళ్ళచక్రం మైలుకొక చుట్టు తిరుగుతుంది. దానికి తగిలించిన మరొక మర 30 పళ్ళ చక్రాన్ని మైలుకు ఒక పన్ను చొప్పున జరుపుతుంది. ఆపిల్టన్ హార్మన్ అనే వడ్రంగి దారిలోనే కొయ్యతో దీనిని తయారుచేశాడు. తిరుగు ప్రయాణంలో క్లేటన్ మెరుగుపరచిన మరొక యంత్రంతో ఆ దారి అంతటినీ కొలిచాడు. 1848లో సెయింట్ లూయీ నగరంలో ఆ కొలతలతో ఒక చిన్న పుస్తకం అచ్చయింది. మిసోరీ తీరంనుండి ఉప్పుసరస్సు లోయకు 1,031 మైళ్ళు అని అందులో చెప్పబడింది. ప్రతి వాగుకూ, ప్రతి కొండకనుమకూ మధ్య దూరం అందులో ఉన్నది. చేతిలో అది ఉన్న ప్రయాణికునికి రేపటి నీరు ఎంత దూరంలో ఉన్నదో ఈ రాత్రే తెలిసేది.

ఈ కథలో యంత్రం ఒక్కటే ఘనమైనది కాదు. చక్రాన్ని కొలిచిన నాడా, చుట్లను లెక్కించిన పళ్ళు, ఏ దినానికి ఆ దినం వ్రాసిన కాగితం అనే మూడూ ఒకచోట కూడటంవల్ల ఆ లెక్క నమ్మదగినదయింది. ఈ మూడింటిలో ఏది లోపించినా మిగిలేది అంచనాయే.

ఇక అంకెల సంగతి. గులకరాళ్ళకూ డప్పుకూ బదులు, వరుసగా పేర్చిన అంకెల బిళ్ళలు దూరం చూపటానికి గణితయంత్రాలు దారితీశాయి. 1642లో ఫ్రాన్సులో బ్లేజ్ పాస్కల్ కూడికల యంత్రాన్ని నిర్మించటానికి పూనుకొని, ఒక బిళ్ళ తొమ్మిది దాటి సున్నకు రాగానే ప్రక్క బిళ్ళ ఒక అంకె ముందుకు జరిగే ఏర్పాటు చేశాడు. మన కారు మీటరులో జరిగేది అదే. 1895లో అమెరికాలోని హార్ట్‌ఫర్డు నగరంలో కర్టిస్ వీడర్ సైకిలు చక్రానికి తగిలించే చిన్న దూరమాపకాన్ని విపణిలోకి తెచ్చాడు. చక్రపు పుల్లకు బిగించిన మేకు చుట్టుకొకసారి ఒక నక్షత్రచక్రాన్ని తట్టేది. లోపల అంకెలు మారేవి. 1902లో బెర్లినులో ఒట్టో షుల్జే అయస్కాంతంతో పనిచేసే వేగమాపకానికి పేటెంటు పొందాడు. ఇట్టి వేగమాపకం, దూరమాపకం ఒకే పెట్టెలో చేరి, గేరుపెట్టెనుండి వచ్చే ఒకే తీగెతో నడవటం మోటారు యుగంలో సర్వసామాన్యమయింది.

ఆ తీగె ఒక గొట్టంలో తిరిగే ఉక్కుతాడు. గేరుపెట్టెనుండి చక్రాలకు పోయే ఇరుసు దానిని త్రిప్పుతుంది. మీటరులోని మరలు ఆ వేగాన్ని వేయి వంతులకు తగ్గించి అంకెల బిళ్ళకు అందిస్తాయి. ఇంగ్లండులో తయారయిన స్మిత్స్ మీటర్ల ముఖంమీద ఒక చిన్న సంఖ్య అచ్చువేసి ఉండేది. మైలుకు తీగె ఎన్ని చుట్లు తిరగాలో అది తెలిపేది. ఒక కారు మీటరును, చూపునకు ఒకటిగానే కనిపించినా, ఆ సంఖ్య కలియని మరొక కారుకు బిగిస్తే దూరం తప్పు చూపుతుంది. విట్రూవియస్ నాటి 400 పళ్ళు, క్లేటన్ నాటి 360 చుట్లు ఈ సంఖ్యలో మరల జన్మించాయన్నమాట.

ఇంతవరకు చెప్పుకున్నదానిని బట్టి, ఏ మోసమూ లేకుండానే పాత బండి మీటరు నిజం తప్పే మార్గాలు ఎన్ని ఉన్నాయో గ్రహించవచ్చు.

మొదటిది అంకెల చోటు చాలకపోవటం. పాతకాలపు కార్లలో అనేకం అయిదు అంకెలవి. 99,999 దాటగానే అన్నీ సున్నలవుతాయి. 38,400 అని చూపే మీటరు వెనుక 1,38,400 ఉండవచ్చు, 2,38,400 ఉండవచ్చు. రెండవది తీగె తెగటం. వేగం చూపే ముల్లు పడిపోతుంది, అంకెలు నిలిచిపోతాయి, బండి మాత్రం నడుస్తూనే ఉంటుంది. మరమ్మత్తు ఆరు నెలలు ఆలస్యమైతే ఆరు నెలల దూరం ఎక్కడా నమోదు కాదు. మూడవది మీటరునే మార్చటం. కొత్త మీటరు సున్నతో మొదలవుతుంది, లేదా ఏ పాత బండి చరిత్రనో వెంటబెట్టుకొని వస్తుంది. నాలుగవది కొలత మారటం. మన దేశంలో 1956నాటి చట్టాన్ని అనుసరించి 1958 అక్టోబరునుండి దశాంశ కొలతలు క్రమంగా అమలులోకి వచ్చాయి. మైళ్ళు చూపే డయలు తీసి కిలోమీటర్ల డయలు బిగించిన బండిలో రెండు లెక్కలను కలిపేముందు మైళ్ళను 1.609తో గుణించాలి. లేకపోతే మామిడిపండ్లనూ టెంకాయలనూ కలిపి డజన్లు కట్టినట్లవుతుంది.

అయిదవది టైరు. కొత్త టైరు మీది గాళ్ళ లోతు సుమారు 8 మిల్లీమీటర్లు అనుకుందాము. అరిగి అరిగి 1.6 మిల్లీమీటర్లకు వచ్చేసరికి చక్రం వ్యాసార్థం 6.4 మిల్లీమీటర్లు తగ్గుతుంది. వ్యాసార్థం 300 మిల్లీమీటర్లు గల చక్రానికి ఇది నూటికి రెండు పాళ్ళు. చక్రం చిన్నదైతే అదే దూరానికి ఎక్కువ చుట్లు తిరగాలి. కాబట్టి అరిగిన టైర్ల మీద మీటరు, కొత్త టైర్ల మీద చూపేదానికంటె నూటికి రెండు పాళ్ళు ఎక్కువ చూపుతుంది. టైరు పెద్దదైతే ఇందుకు విపర్యయం. చీనా బొమ్మ చేసిన పొరపాటే ఇది. తొమ్మిదివందల ఏండ్ల తరువాత మన వాకిట్లోకి వచ్చింది.

ఇవి దైవికాలు. మానుషమైనది ఒకటున్నది. దాని పేరు మోసం. అంకెల బిళ్ళలు ముందుకు తిరిగినట్లే, విప్పి చేతితో వెనుకకు కూడ త్రిప్పవచ్చు. లక్షన్నర తిరిగిన బండి ఒక మధ్యాహ్నంలో అరవైవేల బండి అవుతుంది. రంగు వేసి, సీటు గుడ్డ మార్చితే కొనేవాని కన్ను దానిని పట్టుకోలేదు. ఆ బండి బ్రేకులకూ స్టీరింగుకూ మాత్రం తమ నిజమైన వయస్సు తెలుసు.

అమెరికాలో దీనిని అరికట్టటానికి 1972లో కేంద్రచట్టం వచ్చింది. మీటరును వెనుకకు త్రిప్పటం నేరమయింది. బండి అమ్మేవాడు మీటరు చూపే దూరాన్ని వ్రాతమూలకంగా తెలుపవలసి వచ్చింది. 1986లో చేసిన మరొక చట్టం ఈ వ్రాతను బండి యాజమాన్యపు పత్రం మీదికే ఎక్కించింది. ఆ పత్రం పద్ధతిలో గమనించదగిన ధర్మం ఒకటున్నది. “ఇదే నిజమైన దూరం” అని చెప్పటం ఒక మార్గం. “అంకెల హద్దు దాటి మీటరు మళ్ళీ సున్ననుండి మొదలయింది” అని చెప్పటం రెండవ మార్గం. “మీటరు చూపేది నిజమైన దూరం కాదు” అని చెప్పటం మూడవ మార్గం. సంశయం ఉన్నదని ఒప్పుకోవటం తప్పు కాదు. సంశయాన్ని దాచి నిశ్చయంగా అమ్మటమే తప్పు.

బిళ్ళలు పోయి మీటర్లలో విద్యుదంకెలు వచ్చినప్పుడు ఇక మోసానికి తావుండదని పలువురు తలచారు. జరిగినది వేరు. అంకె ఇప్పుడు ఒక చిన్న జ్ఞాపకపు చిప్పులో ఉంటుంది. తగిన పరికరం తగిలించి దానిని మార్చివేస్తే, బిళ్ళలు విప్పిననాడు పడే గీతలు కూడ మిగలవు. అమెరికా రహదారి భద్రతా సంస్థ 2002లో వెలువరించిన అంచనా ప్రకారం, తప్పుడు మీటరుతో అమ్ముడుపోయే బండ్లు ఆ దేశంలో ఏటా నాలుగున్నర లక్షలకు పైమాటే. యంత్రం ఎంత నాజూకైనా దానికి బయటి సాక్షి లేకపోతే ఫలం ఇంతే.

బయటి సాక్షిని ఏర్పాటు చేసిన దేశాలలో బెల్జియం ఒకటి. అక్కడ 2004లో చట్టం చేసి, 2006 చివరనుండి ఒక పద్ధతి అమలుపరిచారు. కారు ఏ మరమ్మత్తుశాలకు వెళ్ళినా, తనిఖీకి వెళ్ళినా, ఆనాటి మీటరు అంకె ఒక ఉమ్మడి లెక్కలోకి చేరుతుంది. కారు అమ్మేటప్పుడు ఆ అంకెల వరుసతో ఒక పత్రం ఇవ్వాలి. గత సంవత్సరం తొంభైవేలున్న అంకె ఈ సంవత్సరం డెబ్బైవేలు కావటం అసాధ్యం కదా! 2014లో యూరోపు సంఘం కూడ వాహన తనిఖీలలో మీటరు అంకెను నమోదు చేయాలని తన సభ్యదేశాలకు నిర్దేశించింది. ఇందులో కొత్త యంత్రం ఏదీ లేదు. దినదినమూ లెక్క వ్రాసిన క్లేటన్ పద్ధతినే దేశమంతా కలిసి చేయటం మాత్రం ఉన్నది.

ఒంటరిమనిషి కూడ ఇటువంటి లెక్క ఉంచుకోగలడనటానికి న్యూయార్కు రాష్ట్రంలోని లాంగ్ ఐలండుకు చెందిన ఇర్వ్ గోర్డన్ అనే విజ్ఞానశాస్త్రోపాధ్యాయుడు తార్కాణం. ఆయన 1966లో ఒక ఎర్ర వోల్వో కారు కొన్నాడు. బడికి పోయిరావటమే దినానికి 125 మైళ్ళు. ఆ కారు 1987లో పది లక్షల మైళ్ళు, 2002లో ఇరవై లక్షలు, 2013లో ముప్పై లక్షలు దాటింది. ఒకే యజమాని చేతిలో అత్యధిక దూరం నడిచిన కారుగా గిన్నిస్ గ్రంథంలోకి ఎక్కింది. 2018లో ఆయన మరణించేవరకు అదే కారు నడిపాడు. అయిదంకెల మీటరు అంతదూరం మోయాలంటే ముప్పైసార్లు సున్నకు రావాలి. అటువంటప్పుడు అద్దం వెనుకనున్న అంకె ఒక్కటే ఏ సంగతినీ రుజువు చేయలేదు. వేళకు చమురు మార్చటం, మార్చినప్పుడల్లా కాగితం దాచటం అనే ఓపిక దానికి తోడుండాలి.

మన ఆర్టీసీ డిపోలలో ఈ తత్వం మరొక రూపంలో చాలాకాలంగా ఉన్నది. బస్సు దినానికి ఎన్ని ట్రిప్పులు వేసిందీ కాగితం మీద ఉంటుంది. రూటు పొడవు ముందే కొలిచి ఉంటుంది. రెండింటినీ గుణిస్తే నడిచిన కిలోమీటర్లు వస్తాయి. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చిందన్న డీజిలు లెక్కకు ఆధారం అదే. తీగె తెగినా, ముల్లు విరిగినా బస్సు లెక్క ఆగదు.

గృహస్థుడు తన పాత బండికి ఇదంతా ఎలా అన్వయించుకోవాలి? ముందుగా చక్రాన్ని పరీక్షించాలి. జాతీయ రహదారి మీద కిలోమీటరు రాళ్ళు సక్రమంగా ఉన్నచోట 20 కిలోమీటర్లు నడిపి, మీటరు ఎంత చూపినదీ చూడాలి. 20.4 చూపితే మీటరు నూటికి రెండు పాళ్ళు ఎక్కువ చెబుతున్నదన్నమాట. చూపిన దూరాన్ని 0.98తో గుణించాలి. ఈ గుణకం ఆ టైర్లు ఉన్నంతకాలానికే వర్తిస్తుంది. టైర్లు మార్చితే పరీక్ష మళ్ళీ చేయాలి.

తరువాత పోయిన దూరాన్ని వెదకాలి. ఉదాహరణకు ఒక బండి మీటరు 38,400 కిలోమీటర్లు చూపుతున్నదనుకుందాము. పాత మరమ్మత్తు బిల్లులనుబట్టి అది ఒకసారి సున్నకు వచ్చినదని తేలింది. అప్పుడు మొత్తం 1,38,400. ఆ కాలమంతటా అదే కొలత టైర్లున్నాయనుకొని 0.98తో గుణిస్తే సుమారు 1,35,600. మధ్యలో తీగె తెగి మీటరు ఆగిన కాలానికి పెట్రోలు రసీదులు చూస్తే 600 లీటర్లు తేలింది. ఆ బండి లీటరుకు 12 కిలోమీటర్లు ఇస్తుందని తెలిస్తే మరొక 7,200. కలిపితే 1,42,800. ఇందులో అంచనా పాలు ఉన్నది కనుక, “లక్షా నలభైవేలకూ లక్షా నలభై అయిదువేలకూ మధ్య” అని చెప్పటం న్యాయం. మీటరు చూపే 38,400 కంటె ఈ ఉజ్జాయింపు నిజానికి ఎంతో సమీపం.

పాత బండి కొనేవారు అంకెను చివర చూడాలి. ముందు బండిని చూడాలి. బ్రేకు పెడలు మీది రబ్బరు, స్టీరింగు పట్టుకొనే చోటు, డ్రైవరు సీటు అంచు, తలుపు కీళ్ళు, ఇవన్నీ తమ తమ లెక్కలు ఉంచుకుంటాయి. ముప్పైవేలు తిరిగిందన్న బండిలో పెడలు రబ్బరు నున్నగా అరిగి ఇనుము కనబడుతున్నదంటే ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారు. ఆ ఒకరు రబ్బరు కాదు. సర్వీసు కాగితాలు వరుసగా అడిగి చూడాలి. తేదీలు పెరుగుతూ అంకెలు తగ్గినచోట బేరం ముగించి లేచిపోవటం ఉత్తమం.

చివరిది అన్నిటికంటె చవుకైనది. నలభై పేజీల నోటుపుస్తకం ఒకటి, పెన్సిలు ఒకటి బండి సొరుగులో ఉంచండి. పెట్రోలు పోయించినప్పుడల్లా తేదీ, మీటరు అంకె, లీటర్లు వ్రాయండి. టైర్లు మార్చిననాడు ఆ మాట, మీటరు మార్చిననాడు పాత అంకె, కొత్త అంకె, తీగె తెగిననాడు ఆ తేదీ వ్రాయండి. బండిని మరొకరికి అమ్మేనాడు తాళాలతోపాటు ఆ పుస్తకమూ చేతికి ఇవ్వండి. మీరు ఎవరో ఎరుగని కుటుంబం ఒకటి రేపు ఆ బండిలో ప్రయాణం చేస్తుంది. ఏ బేరింగు ఎప్పుడు మార్చాలో, ఏ బెల్టు ఎంతకాలం ఆగుతుందో వారు ఆ పుటలు చూచి తెలుసుకుంటారు.